పద్నాలుగో గడి

రాయ్‌పూర్ రైల్వే కాలనీ వెనక సందులో ఉమేష్ అనే అతను చాయిస్ సెంటర్ నడుపుతాడు. రేషన్ కార్డులో పేరు చేర్చాలన్నా, కుల ధ్రువపత్రం కావాలన్నా, పింఛను కాగితాలు పెట్టాలన్నా ఆ చుట్టుపక్కల జనం అక్కడికే వస్తారు. లోపల కంప్యూటరు ముందు కూర్చునే పిల్ల వీణ. తలెత్తి మాట్లాడదు, అడిగినదానికి రెండు ముక్కల్లో జవాబు చెబుతుంది. కానీ వీణ నింపిన ఫారం తిరిగి రాదని సందంతా పేరు.

ఆ పేరు ఊరికే రాలేదు. ఏ గడీ ఖాళీగా వదలకూడదన్నది వీణ పద్ధతి. ఖాళీ కనబడితే ఆఫీసులో కాగితాన్ని పక్కకు తోసేస్తారు. అందుకని రాయడానికేమీ లేని చోట 'లాగూ నహీ' అని రాస్తుంది, అంటే వర్తించదని. పెళ్లికాని పిల్లకు భర్త పేరు గడిలో లాగూ నహీ. సెంటు భూమి లేనివాడికి పొలం విస్తీర్ణం గడిలో లాగూ నహీ. రోజుకు యాభై సార్లు రాసి రాసి, ఆ రెండు మాటలూ ఆమె ప్రమేయం లేకుండానే వేళ్లలోంచి జారిపోయేవి.

వీణ చదువు తొమ్మిదో తరగతి సగంలో ఆగింది. తల్లి అంతకుముందే పోయింది. తండ్రి శివాజీ ఉర్లాలో ఒక షెడ్డులో ఇనుప రేకులు కోసే పని చేస్తూ కుడిచేతి రెండు వేళ్లు పోగొట్టుకున్న ఏడాది, ఇంట్లో అతనికి అన్నం కలిపి పెట్టే మనిషి కావలసి వచ్చింది. నాయనమ్మ వరహాలమ్మ అప్పటికే మోకాళ్లు పట్టుకుని లేస్తోంది. వీణ పుస్తకాల సంచీ మేకుకు తగిలించింది. మళ్లీ తియ్యలేదు. తెలుగు అక్షరాలు మాత్రం శివాజీ గోడ మీది క్యాలెండరు చూపించి నేర్పాడు. బడిలో నేర్చింది హిందీ, ఇంట్లో మాట్లాడేది శ్రీకాకుళం తెలుగు, సందులో వినబడేది ఛత్తీస్‌గఢీ. మూడింటినీ వినడమే తప్ప ఏ భాషలోనూ నలుగురి ముందు నోరు విప్పింది లేదు.

వరహాలమ్మ పద్నాలుగేళ్ల వయసులో పెళ్లయి శ్రీకాకుళం వైపు నుంచి రాయ్‌పూర్ వచ్చింది. మొగుడి పేరు పరదేశి, చిన్న లైనులో గ్యాంగుమేను. చిన్న లైనంటే రాయ్‌పూర్ నుంచి అభన్‌పూర్ మీదుగా ధమ్‌తరీ పోయే సన్న పట్టాల దారి. దాని మీద పిల్లలు ఆడుకునే బండి లాంటి రైలు నడిచేది. పరదేశి పట్టాలు బిగిస్తే వరహాలమ్మ కంకర తట్టలు మోసింది. కడుపులో శివాజీ పడేదాకా, పదిహేడేళ్లు మోసింది.

ఆ చిన్న రైలు ఆగిపోయినప్పుడు ముసలామె ఒకసారి చూస్తానని పట్టుబట్టింది. వీణ ఆమెను, పట్టాల పక్కనే పోయే అభన్‌పూర్ బస్సులో కిటికీ పక్కన కూర్చోబెట్టి తీసుకెళ్లింది. దారి పొడుగునా వరహాలమ్మ వేలు చూపిస్తూనే ఉంది. అదిగో బొబ్బిలోడి గేటు. అదిగో మేస్త్రీ జారిన గట్టు. అల్లదిగో పురిటి సెట్టు, దాని కిందే నక్కమ్మ తట్ట దించి బిడ్డను కంది, మూడోనాడు మళ్లీ తట్ట ఎత్తింది.

ఆ పేర్లు ఏ పటంలోనూ లేవని వీణకు ఇంటికి వచ్చాక తట్టింది. రైలు కంపెనీ పెట్టిన పేర్లు స్టేషన్లకే. మధ్యలోని ప్రతి మలుపుకూ, పట్టాల కింద నీళ్లు పారే మదుముకూ, గట్టుకూ పేరు పెట్టింది ఈ తెలుగు గ్యాంగులవాళ్లు. పట్టాలు పీకేస్తున్నారు. చెప్పేవాళ్లు వేళ్ల మీద లెక్కపెట్టేటంతమంది మిగిలారు. వీణ ఒక పొడుగు నోటుబుక్కు కొని రాయడం మొదలుపెట్టింది. సాయంత్రాలు కాలనీలో పింఛను తీసుకునే పాత గ్యాంగుమేన్ల ఇళ్లకు వెళ్లి గుమ్మం పక్కన కూర్చునేది. అడగడానికి సిగ్గుపడి, వాళ్లంతట వాళ్లే చెప్పేదాకా ఆగేది. అలా ఆగడం వల్లే వాళ్లు ఎక్కువ చెప్పారు. రెండేళ్లలో పదకొండు మంది దగ్గర నలభైమూడు పేర్లు పోగయ్యాయి. పేరు, ఎవరు పెట్టారు, ఎందుకు పెట్టారు, ఎక్కడుంది. ఎక్కడన్నది రైలువాళ్ల లెక్కలోనే రాసింది. పన్నెండు బై నాలుగు అంటే పన్నెండో రాయి దాటాక నాలుగో తంతి స్తంభం.

ఉమేష్ ఆ నోటుబుక్కు చూసి నవ్వేవాడు. ఆమెను నోనీ అని పిలిచేవాడు, ఛత్తీస్‌గఢీలో పిల్లా అని.

"అరే నోనీ, లోకమంతా కొత్త పట్టాలు వేసుకుంటోంది. నువ్వు పీకేసిన పట్టాలు లెక్కపెడుతున్నావు."

"ఖాళీ టైములోనే కదా భయ్యా" అనేది వీణ, నోటుబుక్కును కీబోర్డు కిందికి తోస్తూ.

రెండువేల పద్దెనిమిది వానాకాలంలో భీమారావు వచ్చాడు. తపాలా శాఖలో ఉత్తరాలు వేరుచేసే పని చేసి రిటైరైన మనిషి. రాయ్‌పూర్ చెరువుల గురించి రాసుకున్న వ్యాసం టైపు చేయించుకోవాలని తెచ్చాడు. వీణ టైపు చేస్తుంటే ఆయన చూపు కీబోర్డు కింద నుంచి పొడుచుకొచ్చిన నోటుబుక్కు మీద పడింది. అడిగి తీసుకున్నాడు. నాలుగు పేజీలు చదివి కళ్లజోడు తీశాడు.

"ఇది ఎవరి పని అమ్మాయ్?"

వీణ నోటుబుక్కు కోసం చెయ్యి చాచింది. "మా మామ్మ చెప్పింది అంకుల్. నేను రాశానంతే."

"రాశానంతే అంటావేంటి తల్లీ. ఎవరు చెప్పారు, ఏ ఏడాది పని చేశారు, ఎంతమంది ఒకే మాట చెప్పారు, అన్నీ ఉన్నాయి ఇందులో. దీన్ని పరిశోధన అంటారు."

ఆ మాట కాలేజీలవాళ్లకు చెందిందని వీణ అనుకుంటూ వచ్చింది. భీమారావు సంచీలోంచి ఒక ఫారం తీసి బల్ల మీద పెట్టాడు. విశ్వవిద్యాలయాల్లో కొలువు లేకుండా సొంతంగా పరిశోధన చేసుకునేవాళ్లు బిలాస్‌పూర్‌లో పెట్టుకున్న సంఘానిది ఆ ఫారం. ఆ సంఘంలో కంపౌండరు ఉన్నాడు, అడవి చెట్ల పేర్లు రాసే ఫారెస్టు గార్డు ఉన్నాడు, భీమారావు ఉన్నాడు. ఏడాదికొకసారి సభ్యుల వ్యాసాలు సంపుటంగా అచ్చువేసి గ్రంథాలయాలకు పంపుతారు. డిగ్రీ అడగరు. వ్యాసం చూస్తారు, సభలో చేతులెత్తి ఒప్పుకుంటే సభ్యత్వం. సభ్యులు కానివాళ్ల వ్యాసం మాత్రం వెయ్యరు.

"ఇది అచ్చులో పడితే మీ మామ్మ చెప్పిన పేర్లు నిలబడతాయి. నోటుబుక్కులో ఉంటే చెదపురుగు చదువుతుంది" అన్నాడు భీమారావు.

వీణ నెల రోజులు కూర్చుని నోటుబుక్కును హిందీలో వ్యాసంగా రాసింది. ఫారం నింపింది. చదువు గడిలో 'తొమ్మిదో తరగతి, పూర్తికాలేదు' అని రాసేటప్పుడు చేయి కాస్త ఆగింది. పద్నాలుగో గడి దగ్గర మాత్రం ఆగలేదు. 'మీ పనిలో మీరే కనిపెట్టిన తప్పు ఒకటి, దాన్ని ఎలా కనిపెట్టారు' అని ఉంది అక్కడ. చేతి అలవాటు చేతిది. లాగూ నహీ అని రాసి పోస్టు చేసింది.

మూడు వారాలకు కవరు తిరిగి వచ్చింది. వీణ నింపిన ఫారం వెనక్కి రావడం అదే మొదలు. ఉమేష్ కౌంటరు మీద కొట్టి నవ్వాడు. పద్నాలుగో గడి చుట్టూ ఎర్ర సిరాతో గీత, పక్కన హిందీలో రెండు వాక్యాలు: 'ఈ గడి వర్తించని పరిశోధకుడు ఇంకా పుట్టలేదు. వెతికి, ఈ నెలాఖరుకు పంపండి.'

వీణకు తల కొట్టేసినట్టయింది. సాయంత్రం భీమారావు ఇంటికి వెళ్లి కాగితం చూపించింది. ఆయన చదివి చిన్నగా తల ఊపాడు.

"అది మా సంఘం ఆచారం. కొత్తగా చేరేవాళ్లు ముందు తమ తప్పు చెప్పుకోవాలి. నేనూ చెప్పుకున్నాను, ఒకే చెరువును రెండు పేర్లతో రెండు చెరువులుగా రాసిపారేశానని. ఎక్కడ తప్పో తెలియనివాడు ఎక్కడ ఒప్పో కూడా చెప్పలేడమ్మా."

ఇంటికి వచ్చి వీణ నోటుబుక్కు మొదటి పేజీ నుంచి తిరగేసింది. మొత్తం పేర్లలో ఇరవైమూడు వరహాలమ్మ చెప్పినవి. వాటిలో నాలుగింటిని వీణే పెన్సిలుతో కొట్టేసి ఉంది. పదకొండు బై ఇరవై, పద్నాలుగు బై ఇరవైరెండు, అలాంటివి. పక్కన 'మామ్మ మరిచిపోయింది' అని తన చేతిరాతే. కిలోమీటరుకు పదహారు స్తంభాలకు మించి ఉండవని రోజూ పట్టాలు తనిఖీ చేసి రిటైరైన ఒక కీమేను చెప్పాడు. ముసలామె వయసు ఎనభై ఆరు. అందుకని ఆ నాలుగు పేర్లూ వ్యాసంలో చేరలేదు. నలభైమూడుకు ముప్పైతొమ్మిదే పంపింది.

ఇంకొక పేజీ దగ్గర వీణ చూపు నిలిచిపోయింది. గంజి వంతెన, ఎనిమిది బై ఆరు. గ్యాంగంతా మధ్యాహ్నం గంజి తాగే చోటు. ఎనిమిదో కిలోమీటరు దగ్గర వంతెన లేదు, వాగూ లేదు, చదును నేల. వ్యాసంలో వీణ ఏమని రాసిందంటే, ఈ వంతెన తరువాతి కాలంలో పూడిపోయింది అని. ఎవరు చెప్పారు పూడిపోయిందని? ఎవరూ చెప్పలేదు. గడి ఖాళీగా ఉండకూడదని తనే నింపింది.

వరహాలమ్మ మంచం మీద కూర్చుని చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తోంది.

"మామ్మా, పదకొండు బై ఇరవై అన్నావు కదా. ఇరవయ్యో స్తంభం నిజంగా ఉండేదా?"

"ఉండక? ఇరవైనాలుగు దాకా ఉండీవి. తట్ట మోసినదాన్ని, నాకు తెల్దేటి?"

"కిలోమీటరుకి పదహారే అంటున్నారు కదా."

ముసలామె చిక్కుడుకాయ పట్టుకునే తలెత్తింది.

"కిలోమీటరేటే గుంటా? మాకు మైలు. నాను పని మానీసినాక పాతినారు, ఆ కిలోమీటరు రాళ్లు. మీ తాత వొచ్చి ఒకటే తిట్టుకున్నాడు, ఈ కొత్త రాళ్లతోటి పూరా గడబిడైపోనాదని."

"మరి నాకు చెప్పలేదేం?"

"నివ్వడిగినావేటి?"

అది నిజమే. మిగతా పదిమందీ తరువాత పనిలో చేరినవాళ్లు. వాళ్ల అంకె కిలోమీటరుది, ముసలామె అంకె మైలుది. ఎవరూ పక్కన మైలనీ కిలోమీటరనీ చెప్పరు. రైలు ఇళ్లలో అంకె చెబితే చాలు, ఎక్కడో అందరికీ తెలిసిపోతుంది. ఊరి లోపలి పేర్ల దగ్గర, మొదటి రెండు రాళ్ల మధ్య, తేడా పెద్దగా కనబడలేదు. దూరం పోయేకొద్దీ పెరిగింది. అంటే వ్యాసంలో ఉన్న ముసలామె పేర్లు పంతొమ్మిదీ తప్పు చోట ఉన్నాయి. కొట్టేసిన నాలుగూ ఒప్పు.

మరునాడు ఉమేష్‌కు చెప్పింది. అతను టీ గ్లాసు దించాడు.

"చూడు నోనీ, నీకెందుకు ఇదంతా. ఒక ఊరి పేరులో చిన్న పొరపాటు జరిగింది, సరిచేసుకున్నాను అని రాసి పంపెయ్. సగం వ్యాసం తప్పని నీ నోటితో నువ్వే చెబితే తొమ్మిదో క్లాసు పిల్ల ఇంతే అనుకుంటారు. పేరు పోతుంది, సభ్యత్వమూ పోతుంది."

వీణ కంప్యూటరు వైపు తిరిగింది. అతను చెప్పింది అబద్ధం కాదు. సభ్యత్వం పోతే అచ్చు పోతుంది. అచ్చు పోతే పేర్లు పోతాయి. చిన్న తప్పు రాస్తే ఎవరికీ తెలియదు కూడా. కానీ 'మామ్మ మరిచిపోయింది' అని తను రాసిన పెన్సిలు ముక్క రోజంతా కళ్ల ముందు కదిలింది.

ఆదివారం పొద్దున్నే శివాజీ మోటారు సైకిలు తీశాడు. గంజి వంతెన కోసం కూతురు లెక్క కట్టి పెట్టుకుంది. ఎనిమిది మైళ్లు దాటి ఆరో స్తంభమంటే, పదమూడో కిలోమీటరు రాయి దాటి నాలుగో స్తంభం. మానా అనే ఊరు దాటాక బండి రోడ్డు పక్కన ఆపి, ఇద్దరూ తుప్పల మధ్య పట్టాల వెంట నడిచారు. శివాజీకి ఈ గొడవ అంతగా ఎక్కలేదు.

"మా అమ్మ వయసుకి నిన్న తిన్న కూరే గుర్తుండదు. నివ్వేటో అరవై ఏళ్లనాటి స్తంభం పట్టుకుని తిరుగుతున్నావు."

"చూద్దాం నాన్నా. లేకపోతే లేదనే రాస్తాను."

పదమూడో రాయి సగం భూమిలో కూరుకుపోయి ఉంది. అక్కడి నుంచి స్తంభాల మొదళ్లు లెక్కపెట్టుకుంటూ వెళ్లారు. మూడో మొదలు దాటగానే నేల పల్లమైంది. పట్టాల కింద ఒక చిన్న రాతి వంతెన, కింద సన్నగా నీళ్లు. వీణ గట్టు దిగింది. వంతెన నీడలో అరుగులా పరిచిన రాళ్ల మీద గుండ్రటి గుంటలు మూడు కనబడ్డాయి. కుండలు పెట్టి పెట్టి, తిప్పి తిప్పి, రాయి అరిగిపోయి నున్నగా మెరుస్తోంది.

శివాజీ వంగి, మూడే వేళ్లున్న తన కుడిచేతిని ఒక గుంటలో పెట్టి చుట్టూ తిప్పి చూశాడు. పక్క గుంటలోనూ పెట్టి చూశాడు.

"మా అమ్మ తప్పు సెప్పనేదే" అన్నాడు చివరికి. "నాను కడుపులో ఉండగా కూడా ఇక్కడే తాగుంటాది గంజి."

ఆ రోజు పొద్దుగూకేదాకా తండ్రీకూతుళ్లు తిరిగారు. అంతకుముందు బండి ఆపడానికే విసుక్కున్న శివాజీ, పంతొమ్మిదో రాయి పక్కన పదకొండు బై ఇరవై దొరికేసరికి తనే ముందు నడుస్తూ, "ఇటు రా, ఇటు రా" అని పిలుస్తున్నాడు.

వీణ వ్యాసం తిరగరాసింది. పంతొమ్మిది పేర్లకు చోట్లు మార్చింది, నాలుగు పేర్లు చేర్చింది, పూడిపోయిన వంతెన వాక్యం తీసేసింది. పద్నాలుగో గడిలో ఇలా రాసింది: 'నాకు చెప్పినవారు మైళ్లలో చెప్పారు. నేను కిలోమీటర్లని అనుకున్నాను. అడగలేదు. వారి లెక్క నా లెక్కలో ఇమడకపోతే వారిదే మరుపు అని రాశాను. ఒక వంతెన కనబడకపోతే పూడిపోయిందని ఊహించి రాశాను. సంఘంవారు ఈ గడి వెనక్కి పంపినందువల్ల కనిపెట్టాను.' గడి చాలక వెనక పేజీలోకి వెళ్లింది.

ఆ ఏడాది సంఘం సభ రాయ్‌పూర్‌లోనే, ఒక గ్రంథాలయం మేడ మీది హాల్లో జరిగింది. అరవై మంది దాకా ఉన్నారు. సభ్యులు ముందు వరసల్లో, మిగతావాళ్లు వెనక. ప్రశ్నలు అడిగే హక్కు సభ్యులకే. వరహాలమ్మ నేనూ వస్తానంటే శివాజీ ఆమెను మెట్ల మీదుగా దాదాపు ఎత్తుకుని తెచ్చాడు. ఉమేష్ కూడా ఆ పూట కొట్టు మూసి వచ్చి, వెనక గోడకు ఆనుకుని నిలబడ్డాడు.

అధ్యక్షురాలు ఒకప్పటి నర్సు, తెల్లజుట్టు మనిషి. వీణ పేరు పిలిచి, "తప్పు చెప్పమ్మా" అంది, మంచినీళ్లు ఇమ్మన్నంత మామూలుగా.

వీణ లేచింది. మొదటి వాక్యం ఎవరికీ వినబడలేదు. వెనక నుంచి వరహాలమ్మ గొంతు తెలుగులో వచ్చింది.

"గట్టిగా సెప్పవే. నా పేరు కూడా ఉన్నాది కదా అందులో."

తెలుగు తెలిసిన నలుగురు నవ్వారు. వీణ కాగితం మడిచి చేతిలో పెట్టుకుని, చూడకుండా చెప్పింది. మైలు గురించి, కిలోమీటరు గురించి, పెన్సిలు గీత గురించి, ఎవరూ చెప్పని సంగతి తాను కల్పించి రాసిన వాక్యం గురించి. చెబుతున్నకొద్దీ గొంతు నిలబడింది. ముందు వరసలో ఫారెస్టు గార్డు లేచి అడిగాడు.

"మీరు కొట్టేసిన ఆ నాలుగు పేర్లు ఏమిటి?"

వీణ వెనక్కి తిరిగింది. "మామ్మా, ఆ నాలుగూ చెప్పు."

వరహాలమ్మ కూర్చున్నచోటు నుంచే ఒక్కొక్కటీ చెప్పింది. సవతుల మలుపు. ఉప్పు మూట గట్టు. దొర పడ్డ గుంట. ఏడుపుల మదుము. వీణ ఒక్కొక్కటీ హిందీలోకి మార్చి, దాని వెనక కథ చెప్పింది. దొర ట్రాలీ మీంచి ఎలా పడ్డాడో చెప్పినప్పుడు హాలంతా నవ్వింది. ఆఖరి పేరు దగ్గర ఎవరూ నవ్వలేదు. కొత్తగా పనికొచ్చిన పెళ్లికూతుళ్లు పుట్టిల్లు తలుచుకుని ఏడ్చుకోవడానికి దిగే చోటు అది.

అధ్యక్షురాలు హాలంతా చూసింది. "ఒప్పుకునేవారు చేతులెత్తండి."

వీణ తల వంచుకుంది. బట్టలు రాసుకున్న చప్పుడు వినబడింది. తలెత్తి చూస్తే ముందు వరసల్లో దించిన చేయి ఒక్కటీ లేదు. వెనక గోడ దగ్గర హక్కు లేని ఉమేష్ కూడా చేయి ఎత్తి ఉన్నాడు. కార్యదర్శి అతని వైపు వేలు ఆడించి, "మీది లెక్కలోకి రాదు బాబూ" అన్నాడు. శివాజీ మాత్రం చేయి ఎత్తలేదు. ఆ చేత్తో కళ్లు తుడుచుకుంటున్నాడు.

వీణను ముందు వరసలో కూర్చోమన్నారు. తరువాతి అంశం భీమారావు వ్యాసం. ఆయన లేచి, ఊళ్లోని ఏడు చెరువుల లోతులు చదివాడు. ఏ చెరువు ఎంత లోతో దాని ఒడ్డున బతికే చాకలివాళ్లను, చేపలవాళ్లను అడిగి రాసుకున్నానని చెప్పాడు. చప్పట్లు మోగాయి. ప్రశ్నలుంటే అడగండి అంది అధ్యక్షురాలు.

వీణ తన ఒళ్లో ఉన్న చేతిని చూసుకుంది. తరువాత ఎత్తింది.

"అంకుల్, లోతు మీకు చెప్పినవాళ్లు ఎండాకాలంలో చెప్పారా, వానలు పడ్డాక చెప్పారా?"

భీమారావు కాగితాల మీదికి వంగాడు. ఒక పేజీ తిప్పాడు, ఇంకొకటి తిప్పాడు. తరువాత జేబులోంచి కలం తీసి అంచున ఏదో రాసుకున్నాడు.

"అది నేను అడగలేదు తల్లీ" అన్నాడు హాలంతా వినేలా. "అడిగి వస్తాను."